కొంగున ముడి చాలదు, కాగితం మీద గడి కావాలి

కొంగున ముడి వేసుకోవడం మన ఆడవాళ్ళకి కొత్త కాదు. బజారుకి వెళ్ళేటప్పుడు ఇంగువ మర్చిపోకూడదని ఒక ముడి, పక్కింటి పిన్నిగారి చేట తిరిగి ఇచ్చెయ్యాలని ఇంకో ముడి. తీరా సాయంత్రం చూసుకుంటే ముడి ఉంటుంది, ఎందుకు వేశామో మాత్రం గుర్తుండదు! మా అమ్మ అలా కొంగు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఆలోచిస్తుంటే మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ నవ్వు ఒకనాడు నాకే ఏడుపవుతుందని అప్పుడు తెలీదు.

మా అత్తయ్యగారికి డెబ్భై నాలుగేళ్ళు. షుగరూ, బీపీ రెండూ ఉన్నాయి. పొద్దున్న టిఫినుకి ముందు ఒక బిళ్ళ, టిఫినయ్యాక రెండు, రాత్రి భోజనం అయ్యాక రెండు, అవి కాక వారానికొకసారి వేసుకునేది ఇంకొకటి. ఆవిడ బళ్ళో చదువుకోలేదు. అందుకని బిళ్ళల బాధ్యతంతా నాదే. 'ఆ మాత్రం గుర్తుండదా' అనే ధీమాతో ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాను.

ఓ రోజు పొద్దున్న కుళాయి నీళ్ళు వచ్చే వేళ నేను పెరట్లో బిందెలతో సతమతమవుతున్నాను. మావారు ఆఫీసుకి బయల్దేరుతూ, పోనీ కదా అని అమ్మకి షుగరు బిళ్ళ ఇచ్చి వెళ్ళారు. ఆ సంగతి నాకు చెప్పారట కూడా! నీళ్ళ చప్పుడులో నాకు వినిపించలేదు. నేను లోపలికొచ్చి ఎప్పట్లాగే మళ్ళీ ఇచ్చాను. ఆవిడ పాపం, కోడలు ఇచ్చింది కదా అని మారుమాట్లాడకుండా వేసేసుకున్నారు.

పదకొండు గంటల వేళ చూస్తే ఆవిడకి ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు. "అత్తయ్యా, ఏమైంది?" అంటే పొంతన లేని మాటలు. నా గుండె జారిపోయింది. పక్కింటి పిన్నిగారు పరుగెత్తుకొచ్చి, స్పృహలోనే ఉన్నారు కదా అని గ్లాసు నీళ్ళలో పంచదార కలిపి తాగించారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరుగారు అడిగినవి నాలుగే ప్రశ్నలు. ఏ బిళ్ళ ఇచ్చారు? ఎన్నింటికి ఇచ్చారు? టిఫిను ఎంత తిన్నారు? నిన్న షుగరెంత ఉంది? చెప్పొద్దూ, ఒక్కదానికీ గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. మావారికి ఫోను చేస్తే గానీ బిళ్ళ రెండుసార్లు పడిందన్న సంగతే తేలలేదు. మళ్ళీ షుగరు పడిపోవచ్చని ఆ రోజంతా అక్కడే ఉంచి, మర్నాడు ఇంటికి పంపారు. భగవంతుడి దయవల్ల గండం గడిచింది. కానీ ఇంట్లో అందరి సంగతులూ నా బుర్రలోనే ఉన్నాయని మురిసిపోయేదాన్ని, ఆ రోజు నా బుర్ర మీద నమ్మకం పోయింది.

తప్పు బుర్రది కాదు

ఆ తర్వాత చాలా రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. మా అమ్మాయి బీయస్సీ నర్సింగు చదువుతోంది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు అదే ఓదార్చింది. "అమ్మా, నీకు మతిమరుపు కాదు. మనిషి బుర్ర కొలతే అంత" అని చెప్పింది.

జార్జి మిల్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1956లోనే దీని గురించి ఒక ప్రసిద్ధమైన వ్యాసం రాశాడట. మనిషి అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగలిగేవి ఏడు విషయాలు, మహా అయితే రెండు ఎక్కువో తక్కువో అన్నాడు. తర్వాత 2001లో నెల్సన్ కోవన్ అనే ఇంకో శాస్త్రవేత్త అది కూడా ఎక్కువేనని, నాలుగు దగ్గరే ఆగిపోతుందని తేల్చాడు.

నాలుగట, వినండి! పొద్దున్న ఏడు గంటలకి మన బుర్రలో ఎన్నుంటాయో లెక్కెయ్యండి. పొయ్యి మీద పాలు, కుక్కర్ కూతలు, పిల్లాడి టై, మావారి కారియర్, పనిమనిషి రాకపోవడం, నీళ్ళు కట్టేసే వేళ, అత్తయ్యగారి బిళ్ళ. ఏడయ్యాయి. నాలుగు పట్టే గిన్నెలో ఏడు పోస్తే మూడు ఒలికిపోక ఏమవుతాయి? ఒలికినది పాలైతే పొయ్యి తుడుచుకుంటాం. బిళ్ళ అయితే?

అంచేత సోదరీమణులారా, మర్చిపోయినందుకు సిగ్గుపడకండి. బుర్ర మొయ్యలేని బరువు బుర్ర మీదే పెట్టి, కిందపడ్డాక బాధపడడంలోనే ఉంది పొరపాటు. ఆ బరువు దించుకోవడానికే మనుషులు రాత కనిపెట్టారు. ఇప్పటి ఇరాక్ దేశంలో ఉరుక్ అనే పాత నగరంలో అయిదు వేల ఏళ్ళ నాటి మట్టి పలకలు దొరికాయి. ప్రపంచంలో దొరికిన మొట్టమొదటి రాతల్లో అవీ ఉన్నాయి. వాటి మీద ఉన్నవి కావ్యాలనుకునేరు! ఎక్కువ భాగం ధాన్యం ఎంత వచ్చింది, గొర్రెలెన్ని, ఎవరికెంత కొలిచి ఇచ్చారు అన్న పద్దులే. అంటే మనం క్యాలెండరు మీద రాసే పాల లెక్కకి అయిదు వేల ఏళ్ళ వంశవృక్షం ఉందన్నమాట.

పక్కన పెట్టుకుంటేనే ఆలోచన సాగేది

రాయడమంటే గుర్తుంచుకోవడానికే అని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. అది సగమే నిజం. రాత ఆలోచించడానికి కూడా. ఒక చిన్న లెక్క చెయ్యండి, తెలుస్తుంది.

పాల పాకెట్టు 37 రూపాయలు. నెలలో 43 పాకెట్లు వాడారు. మొత్తం ఎంత? కళ్ళు మూసుకుని నోటితో చెప్పమంటే తడబడతాం. అదే కాగితం ఇస్తే 37ని మూడుతో గుణించి 111 అని రాసి, దాన్ని అక్కడే వదిలేస్తాం. తర్వాత 37ని నలభైతో గుణించి 1480 రాస్తాం. రెండూ కలిపితే 1591. ఇక్కడ జరిగిందేమిటి? 1480 గురించి ఆలోచిస్తున్నంతసేపూ 111ని కాగితం పట్టుకుని నిలబడింది. చంటిబిడ్డని అత్తయ్య ఎత్తుకుంటే మనం కూర తాలింపు వేసుకున్నట్టు!

ఎలా రాస్తామన్నది కూడా ముఖ్యమే. పాతకాలపు గోడ గడియారాల మీద రోమన్ అంకెలుంటాయి చూశారా? ఆ పద్ధతిలో ముప్పై ఏడు రాయాలంటే ఆరు అక్షరాలు కావాలి. వాటిని ఒకదాని కింద ఒకటి పెట్టి గుణించడం మనవల్ల కాదు. మన అంకెల్లోనైతే 37లో ఉన్న 3, పదుల స్థానంలో కూర్చుంది కాబట్టి ముప్పై. కూర్చున్న చోటే విలువ చెబుతుంది. ఈ పద్ధతి మన దేశంలోనే పుట్టింది. సున్నాతో లెక్కలు చెయ్యడానికి నియమాలు బ్రహ్మగుప్తుడు 628లోనే రాశాడు. అరబ్బుల ద్వారా అది యూరప్ చేరింది. మన తెలుగులోనూ పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన గణిత గ్రంథం రాశాడు. సంఖ్య అదే. రాసే తీరు మారేసరికి పండితులు చేసే గుణకారం అయిదో తరగతి పిల్లల చేతికి వచ్చింది.

నా మొదటి ప్రయత్నం చాకలి పద్దు!

ఇంతకీ మా ఇంటి సంగతికి వస్తాను. ఆసుపత్రి నుంచి రాగానే ఒక నోటుపుస్తకం కొని అత్తయ్యగారి బిళ్ళలు రాయడం మొదలెట్టాను. "సోమవారం పొద్దున్న బిళ్ళ ఇచ్చాను, ఇడ్లీ రెండు తిన్నారు, కాళ్ళు లాగుతున్నాయన్నారు, రాత్రి బీపీ బిళ్ళ ఇచ్చాను..." ఇలా పేజీలకి పేజీలు. పది రోజులయ్యాక నిన్న రాత్రి బిళ్ళ పడిందా లేదా అని చూడాలంటే పుస్తకం మొదటి నుంచీ వెతకాల్సి వచ్చేది. పైగా ఇచ్చినవి రాశాను గానీ ఇవ్వనివి రాయలేదు. లేనిది కంటికి ఎలా కనిపిస్తుంది?

మా అమ్మాయి ఆ పుస్తకం చూసి, "ఇది చాకలి పద్దు అమ్మా" అని నవ్వి, పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పింది. స్కేలు పెట్టి గళ్ళు గీసింది. పైన అడ్డంగా ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు రోజులు. పక్కన నిలువుగా పొద్దున్న టిఫినుకి ముందు, టిఫినయ్యాక, రాత్రి. బిళ్ళ వేసుకున్నాక ఆ గడిలో ఒక చుక్క పెట్టాలి. అంతే! చూడ్డానికి ఎంత తేలికో కదా?

కానీ దాని గొప్పతనం వారంలోనే తెలిసింది. చుక్క లేని గడి దూరం నుంచే కంట్లో పడుతుంది. మావారు బిళ్ళ ఇస్తే చుక్క ఉంటుంది కనుక, నేను పెరట్లో ఉన్నా సముద్రంలో ఉన్నా రెండోసారి ఇచ్చే ప్రశ్నే లేదు. ఒకరు చెప్పడం, ఇంకొకరు వినడం అనే గొడవే పోయింది.

ఇదంతా మనకి తెలిసిన విద్యే

ఆలోచిస్తే ఈ కిటుకు మన చేతుల్లో ఎప్పట్నుంచో ఉంది. వారపత్రికల వంటల పేజీ చూడండి. 'కావలసిన పదార్థాలు' అని ఒక చోట, 'తయారుచేసే విధానం' అని ఇంకో చోట ఉంటుంది. ఎందుకలా విడదీశారు? రెండూ కలిపి కథలాగా రాస్తే, పోపు మాడుతున్నప్పుడు గానీ కరివేపాకు లేదని తెలీదు. పదార్థాలు ముందే వరసగా ఉంటే పొయ్యి వెలిగించకముందే డబ్బాలు తీసి చూసుకుంటాం. అలా విడదీసి రాయడంతోనే సగం వంట అయిపోతుంది.

ముగ్గుల పేజీ సంగతీ అంతే. సందు చుక్క, సరి చుక్క, 15 నుంచి 8 దాకా అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఇరవై మెలికల ముగ్గు వాకిట్లో దిగుతుంది. చుక్కలు ముందు పెట్టుకోకుండా మెలికల ముగ్గు వెయ్యమంటే ఎంతటి చెయ్యి తిరిగిన వాళ్ళకైనా కష్టమే. చుక్కలు చోటు పట్టి ఉంచుతాయి, మన మనసు మెలిక మీద ఉంటుంది. పంచాంగమైనా అంతే. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం దేని గడిలో అది ఉండబట్టే పురోహితులు వేలు పెట్టి చటుక్కున చెప్పగలుగుతున్నారు.

అత్తయ్యగారి అలక

అయితే మా ఇంట్లో ఇంకో చిక్కొచ్చింది. గోడ మీద ఆ కాగితం చూసినప్పట్నుంచీ అత్తయ్యగారి ముఖం ముడుచుకుపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బయటపడ్డారు.

"ఏమ్మా, నలుగురు పిల్లల్ని పెంచిన దాన్ని. ఇప్పుడు నన్ను బళ్ళో పిల్లని చేసి గోడకి తగిలించారా? అందులో ఏం రాశారో కూడా నాకు తెలీదాయె!" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే. కాగితం ఆవిడ గురించి, ఆవిడ ఒంటి గురించి. కానీ ఆవిడకి తప్ప ఇంట్లో అందరికీ అర్థమవుతుంది! చదవాల్సిన మనిషిని పక్కన పెట్టి ఎంత చక్కగా రాస్తే మాత్రం ఏం ప్రయోజనం?

మా అమ్మాయి కాగితం మార్చింది. అక్షరాల బదులు బొమ్మలు. టిఫినుకి ముందు బిళ్ళకి పొద్దు పొడుస్తున్న బొమ్మ, టిఫినయ్యాక బిళ్ళలకి ఖాళీ పళ్ళెం బొమ్మ, రాత్రికి చందమామ. బిళ్ళల స్ట్రిప్పులన్నీ వెండి రంగులో ఒకేలా ఉంటాయి కదా, అందుకని గళ్ళ పెట్టె ఒకటి కొని దాని మూతల మీద కూడా అవే బొమ్మలు అంటించింది. వారాలకి పేర్లు రాయకుండా వరసలో మొదటిది ఆదివారమని చెప్పి, శనివారం గడి పైన నామాలు గీసింది. ఆ నామాలు చూడగానే ఆవిడ ముఖంలో నవ్వొచ్చింది.

"చుక్క నేను పెడతాను. మీరెవరూ ముట్టుకోకండి" అన్నారు.

అప్పట్నుంచీ అంతే. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు చూడకుండా వేసే చెయ్యి అది. రోజూ బిళ్ళ వేసుకుని, స్కెచ్చి పెన్నుతో గడి మధ్యలో గుండ్రంగా చుక్క పెడతారు. మేమే మర్చిపోతే, "ఏమ్మాయ్, చందమామ గడి ఖాళీగా ఉందే!" అని ఆవిడే అడుగుతారు. బిళ్ళలు మా చేతుల్లోంచి ఆవిడ చేతుల్లోకి వెళ్ళాయి. ఆవిడ పెద్దరికం ఆవిడకి తిరిగొచ్చింది.

శనివారం గళ్ళు చెప్పిన రహస్యం

డాక్టరుగారు అప్పుడప్పుడూ మధ్యాహ్నం భోజనానికి ముందు షుగరు చూసి రాయమన్నారు. ఇంట్లో వేలు పొడిచి చూసే మిషను ఉంది. ఆ అంకెలు కూడా నేను అదే కాగితం మీద అడుగు వరసలో రాశాను. నాలుగు వారాల కాగితాలు ఒకదాని కింద ఒకటి తగిలించి చూసేసరికి నా ఒళ్ళు జలదరించింది. మిగిలిన రోజుల్లో 110, 125, 132 ఇలా ఉన్నాయి. నామాల గడి కింద మాత్రం 72, 64, 68, 61! 70 కంటే తగ్గితే తక్కువైనట్టేనని డాక్టరుగారు ముందే చెప్పారు.

శనివారం అత్తయ్యగారు వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉంటారు. పొద్దున్న కాసిని పాలు తాగి, రాత్రికే పలహారం. కానీ బిళ్ళ మాత్రం మామూలుగానే వేసేసుకుంటున్నారు. ఆవిడ ఉపవాసం సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. అప్పుడప్పుడూ నీరసపడతారనీ తెలుసు. ఏళ్ళ తరబడి తెలిసిన ఆ రెండు సంగతుల్నీ కలిపి చూసినవాళ్ళు లేరు! నోటుపుస్తకంలో వరసగా రాసుకుంటూ పోతే ఆ నాలుగు అంకెలూ ఇరవై ఎనిమిదిట్లో కలిసిపోయేవి. వారాల ప్రకారం ఒకదాని కింద ఒకటి పడబట్టి కంటికి తగిలాయి.

కాగితాలు పట్టుకెళ్ళి చూపిస్తే డాక్టరుగారు రెండే నిమిషాల్లో సంగతి గ్రహించి, శనివారం బిళ్ళ ఎలా వేసుకోవాలో మార్చి చెప్పారు, పూర్తిగా కడుపు ఖాళీగా ఉంచొద్దని నచ్చజెప్పారు. గమనించండి, మార్చింది ఆయన. మేం సొంతంగా బిళ్ళలు మానలేదు, మీరూ మానకండి. మనం చెయ్యగలిగింది ఆయన కంటికి ఆనేలా పెట్టడమే.

ఇది వినగానే మా అమ్మాయి, "ఫ్లోరెన్స్ నైటింగేల్ చేసింది కూడా ఇదే అమ్మా" అంది. దీపం పట్టుకుని రోగుల మధ్య తిరిగిన తల్లిగానే ఆవిడ మనకి తెలుసు. ఆవిడ లెక్కల మనిషి కూడానట! 1853 నుంచి 1856 దాకా జరిగిన క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు తుపాకి దెబ్బల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా అంటురోగాలతో పోయారు. అంకెల పట్టికలు ఇస్తే మంత్రులు తిప్పి చూడరని, 1858లో ఆవిడ ఒక చక్రంలా గీసి నెలకొక ముక్క చేసింది. నివారించదగిన రోగాలతో పోయినవాళ్ళకి నీలం, గాయాలతో పోయినవాళ్ళకి ఎరుపు. నీలం ముక్కలు ఎంత పెద్దవో చదువురాని వాళ్ళకి కూడా తెలిసిపోతుంది. ఆసుపత్రుల్లో శుభ్రత, గాలి, మురుగు కాలవల కోసం ఆవిడ చేసిన పోరాటానికి ఆ బొమ్మ ఆయుధమైంది. మన దేశంలో సైనికుల నివాసాల పారిశుధ్యం కోసం కూడా ఆవిడ ఎంతో పాటుపడింది.

డాక్టర్లకీ తప్పని చీటీ

'ఈ గళ్ళూ చుక్కలూ మనలాంటి వాళ్ళకే, చదువుకున్న వాళ్ళకెందుకు' అనుకోకండి. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ వాళ్ళ కొత్త విమానం ఒకటి పరీక్ష కోసం ఎగిరి, కాసేపటికే కూలిపోయింది. ఇద్దరు చనిపోయారు. నడిపినవాడు ఆరితేరినవాడే. ఎగిరే ముందు తియ్యాల్సిన ఒక బిగింపు తియ్యడం మర్చిపోయారు, అంతే. ఆ తర్వాత పైలట్లు ఎగరబోయే ముందు చూసుకోవలసినవన్నీ చీటీ మీద రాసుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోవడం మొదలెట్టారు. ఇప్పటికీ అదే పద్ధతి.

ఆపరేషన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇలాంటిదే 19 అంశాల చీటీ తయారుచేసింది. రోగి పేరేమిటి, ఏ పక్క కొయ్యాలి, ఏ మందు పడదు, లోపల దూది గుడ్డలేమైనా మిగిలాయా, ఇలాంటివి పైకి చదివి అడగాలి. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూశారు. ఫలితాలు 2009 జనవరిలో ప్రకటించారు. అంతకుముందు నూటికి 1.5 ఉన్న మరణాలు 0.8కి తగ్గాయి. పెద్ద ఇబ్బందులు నూటికి 11 నుంచి 7కి తగ్గాయి.

అలాగని చీటీ మంత్రం కాదు. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో ఈ చీటీ ప్రవేశపెట్టాక పరిశీలిస్తే చెప్పుకోదగ్గ మార్పేమీ లేదని 2014లో తేలింది. చదవకుండా, అడగకుండా టిక్కులు పెట్టేసుకుంటూ పోతే చీటీ ఏం చేస్తుందని చాలామంది నిపుణులు అన్నారు. మనకీ వర్తించే మాటే. బిళ్ళ వెయ్యకముందే చుక్క పెట్టేస్తే ఆ గడి మనల్నే మోసం చేస్తుంది.

ఫోనుంది కదా అంటారా?

చాలామంది అడిగే ప్రశ్నే ఇది. ఫోనులో అలారం పెట్టుకోవడం మంచిదే. కానీ అలారం మోగినప్పుడు చేతికి పిండి ఉంటుంది. మోచేత్తో ఆపేస్తాం. అరగంట పోయాక బిళ్ళ వేశామా లేదా అంటే ఫోను నోరు విప్పదు. వేళ గుర్తు చెయ్యడం వేరు, వేసిన గుర్తు మిగల్చడం వేరు. అదీ కాక ఫోను మావారి జేబులో ఆఫీసుకి వెళ్ళిపోతుంది. గోడ ఎక్కడికీ వెళ్ళదు.

ఇంకొందరు, 'అన్నీ రాసుకుంటే జ్ఞాపకశక్తి తగ్గిపోదూ?' అంటారు. ఈ అనుమానం చాలా పాతది. రాత వల్ల మనుషులకి మరుపు ఎక్కువవుతుందన్న భయాన్ని సోక్రటీసు నోట పలికిస్తూ ప్లేటో దాదాపు ఇరవై నాలుగు వందల ఏళ్ళ క్రితమే రాశాడు. చమత్కారమేమిటంటే ఆ మాట మన దాకా వచ్చింది ఆయన రాసిపెట్టడం వల్లే!

రాత్రిళ్ళు నిద్ర పట్టనివాళ్ళకి ఇంకో మాట. 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ వాళ్ళు 57 మంది మీద ఒక పరీక్ష చేశారు. కొందర్ని పడుకునే ముందు అయిదు నిమిషాలు మర్నాటి పనులు రాయమన్నారు, మిగిలినవాళ్ళని అయిపోయిన పనులు రాయమన్నారు. మర్నాటి పనులు రాసినవాళ్ళు దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. రేపు పప్పు నానబోయాలి, ఫీజు కట్టాలి అని పక్క మీద దొర్లేకంటే ఆ నాలుగు ముక్కలూ కాగితానికి అప్పగించి పడుకోవడం మేలు. నేను చేస్తున్నాను, నాకు గుణం కనిపించింది.

మీ ఇంట్లోనూ చేసి చూడండి

* కాగితం పని జరిగే చోటే ఉండాలి. బిళ్ళల కాగితం బిళ్ళల పెట్టె పక్కన, గ్యాసు బండ మార్చిన తేదీ బండ దగ్గరి గోడ మీద. బీరువాలో దాచిన కాగితం లేనట్టే లెక్క.

* ఒక గడిలో ఒక్క సంగతే రాయండి. ఇచ్చినది కనిపించినట్టే ఇవ్వనిదీ ఖాళీగా కనిపించాలి.

* పెన్ను దారంతో అక్కడే కట్టండి. పెన్ను వెతుక్కునేలోపు మర్చిపోతాం.

* ఎవరు చూడాలో వాళ్ళకి అర్థమయ్యేలా రాయండి. పెద్దవాళ్ళకి పెద్ద అక్షరాలు, చదువురానివాళ్ళకి బొమ్మలు. వాళ్ళని అడిగే గియ్యండి.

* పని అయ్యాకే గుర్తు పెట్టండి.

* సరుకుల చీటీ గుర్తొచ్చిన వరసలో కాకుండా కొట్టు ప్రకారం విడదీయండి. పచారీ సామాను ఒక పక్క, కూరగాయలు ఒక పక్క, మందుల షాపు ఒక పక్క. ఒకే వీధికి రెండుసార్లు తిరిగే బాధ తప్పుతుంది.

* పచ్చళ్ళ జాడీకి, పొడుల డబ్బాలకి పేరూ, పెట్టిన తేదీ రాసి అంటించండి.

* ఇంట్లో ప్రతి పెద్దవారికీ ఒక అట్టముక్క రాసి ఉంచండి. పేరు, వయసు, ఉన్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు, డాక్టరుగారి నంబరు, 108. దాన్ని మందుల చీటీలతో కలిపి ఒకే సంచిలో పెట్టండి. కంగారులో చెయ్యి దాని మీదికే పోవాలి.

* షుగరు ఉన్నవాళ్ళకి చెమటలు, వణుకు, తికమక మాటలు వస్తే, స్పృహలో ఉండి మింగగలిగితేనే తీపి నీళ్ళు ఇచ్చి వెంటనే డాక్టరుకి చూపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, 108కి ఫోను చెయ్యండి. ఇది కూడా ఆ అట్టముక్క వెనకాల రాసుకోండి.

అన్నీ ఒకేసారి మొదలెట్టకండి. ఇంటినిండా కాగితాలు అంటిస్తే ఏదీ కంటికి ఆనదు. ఏది మర్చిపోతే మనిషికి ముప్పో దానితో మొదలెట్టండి.

మొన్న మావారు కొత్త సంవత్సరం క్యాలెండరు తెచ్చారు. పాతది తీసేస్తుంటే అత్తయ్యగారు పిలిచి, "ఆ కాగితాలు పారెయ్యకమ్మా. ఏడాదంతా ఒక్క చుక్క తప్పకుండా పెట్టాను" అన్నారు. నేను మొదటి వారం కాగితం తీసి చూశాను. అందులో మూడు ఖాళీ గళ్ళున్నాయి. ఆవిడ పెన్ను పట్టక ముందు, నా చేతిలో ఉన్నప్పటివి! ఆ మాట ఆవిడకి చెప్పలేదు. కాగితాలన్నీ మడతపెట్టి, ఆవిడ పెట్టెలో పట్టుచీర కింద భద్రంగా పెట్టాను.